ఒకే రంగు, వేరువేరు గొంతులు: కిక్కిస దుబ్బుల్లో చిన్న పిట్టలు

1867 నవంబరులో అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ సట్లెజ్ లోయలో రాంపూర్ దగ్గర ఒక చిన్న గోధుమరంగు పిట్టను సేకరించాడు. పక్షులంటే పిచ్చి ఉన్న ఆ బ్రిటిష్ అధికారి పేరు 1885లో కాంగ్రెస్ స్థాపనతో చరిత్రకెక్కింది గాని, ఆ పిట్ట సంగతి మాత్రం తేలలేదు. దాని ముక్కు మామూలు కంటే పొడుగు, రెక్క పొట్టి. అది కొత్త జాతా, లేక తెలిసిన జాతిలోనే కాస్త తేడాగా పుట్టిన పిట్టా అన్న అనుమానం నూట ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచింది. ఎందుకంటే అలాంటిది మరొకటి ఎవరికీ దొరకలేదు. 2002లో ఆ పాత నమూనా డిఎన్‌ఏ చూసి, ఇది వేరే జాతేనని తేల్చారు. 2006 మార్చిలో థాయ్‌లాండ్‌లో లేమ్ ఫక్ బియా అనే చోట, మురుగునీటి శుద్ధి చెరువుల పక్కన ఫిలిప్ రౌండ్ అనే పక్షి శాస్త్రవేత్త వలలో ఒక పిట్ట పడింది. ముక్కు కొలిచి చూస్తే పొడుగు, రెక్క పొట్టి. ఈకలు స్వీడన్‌కు వెళ్ళాయి, డిఎన్‌ఏ హ్యూమ్ పిట్టతో సరిపోయింది. అదే లార్జ్ బిల్డ్ రీడ్ వార్బ్లర్.

ఆ వార్త తర్వాత ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం సొరుగులు వెతికితే 1869లో భారతదేశంలోనే సేకరించిన మరో నమూనా బయటపడింది. దాని కాలికి వేరే జాతి పేరుతో చీటీ కట్టి ఉంది. అంటే రెండో పిట్ట దొరికి నూట నలభై ఏళ్ళు కావస్తున్నా, దొరికినట్టు ఎవరికీ తెలియదు. ఇంకొన్నాళ్ళకు అఫ్ఘనిస్తాన్‌లోని వాఖాన్ ప్రాంతంలో, నది ఒడ్డు పొదల్లో ఈ జాతి గూళ్ళు పెట్టే చోటు కూడా తెలిసింది. అక్కడ దాన్ని మొదట పట్టించింది దాని రూపం కాదు, రికార్డు చేసిన దాని పాట.

ఇది చూసినవాళ్ళ నిర్లక్ష్యం కాదు. నీటి మొక్కల మధ్య బతికే ఈ చిన్న పిట్టలు నిజంగానే ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పైన మట్టి రంగు, కింద వెలిసిన తెలుపు, కంటి మీద ఒక లేత గీత, అంతే. వలలో పట్టి కాలికి ఉంగరం తొడిగేవాళ్ళు సైతం రెక్కలో ఏ ఈక ఎన్నో మిల్లీమీటరు దగ్గర గాటు పడిందో, వెనక వేలి గోరు ఎంత పొడుగో కొలిస్తే గాని పేరు రాయరు. అదే పిట్ట నోరు తెరిస్తే పోలిక అక్కడితో సరి. ఒకటి కీచురాయిలా గిర్రుమంటుంది, ఒకటి కప్పలా బెకబెకమంటుంది, మరొకటి డెబ్భై రకాల పిట్టల గొంతులు వరసపెట్టి వినిపిస్తుంది. రూపంలో ఇంత పొదుపు, గొంతులో ఇంత దుబారా ఎందుకు? జవాబు పిట్టలో కంటే అది నిలబడే కాడలో ఎక్కువగా ఉంది.

కాడ అంటే ఇక్కడ కిక్కిస. ఇంగ్లీషు రీడ్‌ను తెలుగులో తరచూ రెల్లు అని రాస్తారు గాని, శరత్తులో తెల్లగా పూసే రెల్లు వేరు. ఇది నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని వెదురులా గణుపులు గణుపులుగా మూడు నాలుగు మీటర్లు లేచే గడ్డి. దీని పక్కన జమ్ము, కాస్త మెరకన తుంగ పెరుగుతాయి. కిక్కిస నేల కింద దుంపవేళ్ళతో పాకి, ఒకసారి పాతుకుందంటే ఆ మడుగంతా తనదే చేసుకుంటుంది. ఒక దుబ్బులో అడుగుపెడితే ఏ వైపు చూసినా ఒకే మొక్క, ఒకే మందం కాడలు, అన్నీ నిలువుగానే. కొమ్మలు లేవు, తొర్రలు లేవు, కూర్చోడానికి అడ్డంగా ఒక పుల్ల ఉండదు. కాని తిండికి లోటు లేదు. నీటిలో పుట్టి రెక్కలొచ్చి పైకి లేచే దోమలు, ఈగలు, తూనీగలు, ఆకుల నిండా పేనుబంక, సాలీళ్ళు, గొంగళిపురుగులు. ఇల్లు ఇరుకు, వంటిల్లు మాత్రం విశాలం.

నిలువు కాడను పట్టుకుని నిలబడటం చెప్పినంత తేలిక కాదు. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి, రెండు కాడల మధ్య కాళ్ళు చాపి, గాలికి ఊగే దాన్ని వదలకుండా పట్టుకోవాలి. అందుకే అక్రోసెఫాలస్ ప్రజాతికి చెందిన ఈ రీడ్ వార్బ్లర్లకు శరీరం బరువుకు మించిన కాళ్ళు, గట్టి వేళ్ళు ఉంటాయి. యూరప్, ఆసియాల్లో కనిపించే మామూలు రీడ్ వార్బ్లర్ పదమూడు సెంటీమీటర్ల పొడవు, పది పన్నెండు గ్రాముల బరువు. దాని పెద్దన్నలాంటి గ్రేట్ రీడ్ వార్బ్లర్ ముప్ఫై గ్రాములు తూగుతుంది. అందుకే అది లావు కాడలున్న చోటే, నీటి అంచున ఉంటుంది. సన్న కాడ దాని బరువుకు వంగిపోతుంది. ఒకే దుబ్బులో ఎవరి చోటు ఎక్కడన్నది చాలావరకు కాడ మందమే తేలుస్తుందంటే అతిశయోక్తి కాదు.

రంగూ అంతే. ఎండిన కాడల మధ్య గీతలు లేని గోధుమరంగు బాగా కలిసిపోతుంది. తుంగ, పొట్టి గడ్డి, పొదలు కలగలిసిన చోట వెలుగు నీడలు సన్నసన్న చారలుగా పడతాయి. అక్కడుండే సెడ్జ్ వార్బ్లర్, అక్వాటిక్ వార్బ్లర్‌ల వీపు మీద చారలుంటాయి. గమ్మత్తేమిటంటే ఈ పోలిక చుట్టరికం వల్ల వచ్చింది కూడా కాదు. వార్బ్లర్లన్నీ ఒకే కుటుంబమని చాలాకాలం అనుకున్నారు. 2000 తర్వాత డిఎన్‌ఏ పరిశీలనలు మొదలయ్యాక ఆ పెద్ద కుటుంబం ముక్కలైంది. రీడ్ వార్బ్లర్లు ఒక కుటుంబం, లోకస్టెల్లా వార్బ్లర్లు మరో కుటుంబం, సెట్టీస్ వార్బ్లర్ వేరే. అదే దుబ్బుల్లో తిరిగే బియర్డెడ్ రీడ్లింగ్ అయితే వార్బ్లరే కాదు, దగ్గరి చుట్టాలు భరత పక్షులని తేలింది. వేరువేరు వంశాలవాళ్ళు ఒకే దుబ్బులో చేరి ఒకే రకం బట్ట కట్టుకున్నారు.

కన్ను పనికిరాని చోట చెవే దిక్కు. కిక్కిస దుబ్బులో మగపిట్ట రెండు మీటర్ల అవతల ఉన్న ఆడపిట్టకు కనబడదు. రంగురంగుల ఈకలు పెంచుకుని ప్రయోజనం లేదు, పైగా ప్రమాదం. కాబట్టి మెప్పించడానికైనా, సరిహద్దు చెప్పడానికైనా గొంతే మిగిలింది. గొంతు మీద ఇంత ఒత్తిడి పడితే ఏమవుతుందో సెడ్జ్ వార్బ్లర్ చూపిస్తుంది. మగది తన దగ్గరున్న కొన్ని డజన్ల స్వరాల్ని కలిపి, మార్చి, తిరగేసి పాడుతూ పోతుంది. అదే వరస మళ్ళీ రాదు. క్లైవ్ క్యాచ్‌పోల్ పరిశోధనల్లో స్వరాలు ఎక్కువున్న మగపిట్టలకు ముందుగా జోడీ దొరికింది. జోడీ కుదిరిన రోజు నుంచి ఆ మగది దాదాపు నోరు మూసుకుంటుంది. ఆ పాటంతా దేనికో ఇంతకంటే సూటిగా చెప్పే రుజువు అక్కర్లేదు.

గ్రేట్ రీడ్ వార్బ్లర్ అలా ఆగదు. ఒక ఆడపిట్ట దొరికినా పాడుతూనే ఉంటుంది, ఎందుకంటే దానికి రెండో ఆడపిట్ట, వీలైతే మూడోది కూడా కావాలి. స్వీడన్‌లోని క్విస్మారెన్ సరస్సు దగ్గర డెనిస్ హాసెల్‌క్విస్ట్, స్టాఫాన్ బెన్ష్ బృందం ఏళ్ళ తరబడి ఈ పిట్టల సంతానం లెక్కలు రాసింది. గూడు ఒక మగపిట్టదైనా, లోపలి పిల్లల్లో కొందరి తండ్రి వేరే మగపిట్టేనని తేలింది. ఆ వేరే మగపిట్ట పాటలో స్వరాలు ప్రతిసారీ గూటి యజమాని పాటలో కంటే ఎక్కువ. 1996లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఇంకో ముక్క ఉంది: స్వరాలు ఎక్కువున్న తండ్రి పిల్లలు బతికి బట్టకట్టే అవకాశమూ ఎక్కువ. ఆడపిట్ట పాటను విని మురిసిపోవడం లేదు, పాటలో ఆరోగ్యం లెక్క చూసుకుంటోంది.

మార్ష్ వార్బ్లర్ కథ ఇంకా వింత. రంగులో, సైజులో ఇది రీడ్ వార్బ్లర్‌కు కవల. సొంత పాట అంటూ దాదాపు ఏమీ లేదు, పాడేదంతా అరువు సొత్తే. ఫ్రాన్స్వాజ్ డౌసెట్ లెమేర్ 1979లో ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కో మగ మార్ష్ వార్బ్లర్ సగటున 76 జాతుల పక్షుల గొంతులు అనుకరిస్తుంది. అన్ని పిట్టల పాటలూ కలిపి చూస్తే 212 జాతులు. అందులో 99 యూరప్‌వి, 113 ఆఫ్రికావి. పిల్ల గూడు వదిలే వేళకు తండ్రి పాడటం ఆపేసి ఉంటాడు, కాబట్టి తండ్రి దగ్గర నేర్చుకునే వీలు లేదు. అది పుట్టిన చోట చుట్టూ వినిపించినవి, వలసలో దారిలో వినిపించినవి, ఆఫ్రికాలో చలికాలం గడిపిన చోట వినిపించినవి మనసుకు పట్టించుకుంటుంది. తిరిగొచ్చి యూరప్‌లో ఒక కాలవ గట్టున పాడితే, తెలిసిన చెవికి ఆ పిట్ట ఏయే దేశాల మీదుగా తిరిగిందో అర్థమవుతుంది. పాస్‌పోర్టు మీద ముద్రలు చదివినట్టే.

లోకస్టెల్లా వార్బ్లర్లది దీనికి పూర్తిగా ఎదురు దారి. మిడత అని అర్థమొచ్చే మాట నుంచి పుట్టిన పేరు అది. గ్రాస్‌హాపర్ వార్బ్లర్, సావీస్ వార్బ్లర్ ఒకే శబ్దాన్ని, చేపలు పట్టే రీలు తిప్పుతున్నట్టు, నిమిషాల తరబడి గిర్రున లాగుతాయి. చీకటి పడ్డాకా ఆపవు. పాడుతూ తల అటూ ఇటూ తిప్పడం వల్ల శబ్దం ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా తోస్తుంది. పిట్ట ఎక్కడుందో పట్టడం మనిషికే కాదు, వేటాడేవాటికీ కష్టమే. ఈ పిట్టలు గడ్డి మొదళ్ళ దగ్గర నేల మీద ఎలుకల్లా నడుస్తూ పోతాయి, తప్పనిసరైతే తప్ప ఎగరవు. జీవితమంతా దాక్కునే పిట్టకు గొంతు మాత్రం అరకిలోమీటరు వినిపిస్తుంది.

ఇక గూడు. కొమ్మ లేని చోట గూడు కట్టాలంటే నిలువు కాడల్నే స్తంభాలు చేసుకోవాలి. రీడ్ వార్బ్లర్ ఆడపిట్ట మూడు నుంచి ఐదు కాడలు ఎంచుకుని, వాటి చుట్టూ తడిసిన గడ్డిపోచలు, కిక్కిస పూల పీచు, సాలెగూళ్ళ దారాలు చుట్టుకుంటూ గిన్నె అల్లుతుంది. గిన్నె బాగా లోతుగా ఉంటుంది. గాలికి కాడలు వాలినా గుడ్లు దొర్లిపోకుండా ఆ లోతే కాపాడుతుంది. కాడలు పెరుగుతున్న కొద్దీ గూడు వాటి మీద జారకుండా, అలాగని తెగిపోకుండా బిగువు చూసుకోవాలి. పిల్లలు పదకొండు పన్నెండు రోజులకే, ఎగరడం రాకముందే, గూడు వదిలి కాడలెక్కడం మొదలెడతాయి. రెక్కల కంటే కాళ్ళు ముందు సిద్ధమయ్యే పిల్లలు పిట్టల్లో ఎన్నో ఉండవు.

ఈ గూటికి అసలు శత్రువు కక్కూ. కుహూ అని కూసే నల్ల కోకిల కాదు, దాని చుట్టమైన బూడిదరంగు పక్షి. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే ఇది రీడ్ వార్బ్లర్ గూట్లో పెడుతుంది. ఇంగ్లండ్‌లోని వికెన్ ఫెన్ చిత్తడిలో నిక్ డేవిస్, ఆయన సహచరులు 1980ల నుంచి ఈ మోసాన్ని ముక్కముక్కగా విప్పి చూశారు. కక్కూ మధ్యాహ్నం పూట వస్తుంది, ఒక గుడ్డు నోట కరుచుకుని తన గుడ్డు పెట్టి పది సెకన్లలో వెళ్ళిపోతుంది. రీడ్ వార్బ్లర్ గూళ్ళ కోసం ప్రత్యేకించిన కక్కూ వంశం గుడ్డు ఆకుపచ్చ ఛాయలో మచ్చలతో అచ్చం వాటి గుడ్డులా ఉంటుంది. రంగు వేరే ఉన్న నకిలీ గుడ్లు పెడితే రీడ్ వార్బ్లర్లు ఎక్కువగా తోసేశాయి. అసలు కక్కూ గుడ్డును మాత్రం సుమారు ఐదింట ఒకసారే పట్టగలిగాయి.

అక్కడితో ఆగితే ఇది వట్టి రంగుల మోసమే అయ్యేది. కక్కూ పిల్ల గుడ్డులోంచి బయటపడగానే, ఇంకా కళ్ళు తెరవకుండానే, వీపు మీద గుంటలో ఒక్కో గుడ్డునూ ఎత్తుకుని గూటి అంచు దాటించి పారేస్తుంది. తర్వాత గూట్లో ఒక్కటే పిల్ల, అదీ తల్లికంటే ఎన్నో రెట్లు పెద్దదయ్యే పిల్ల. నాలుగు నోళ్ళు కనిపిస్తే నాలుగు నోళ్ళకు సరిపడా తెచ్చే తల్లిదండ్రులు, ఒక్క నోరు చూసి అంత తిండి ఎందుకు తెస్తాయి? గుట్టు గొంతులో ఉంది. కక్కూ పిల్ల ఒక్కటే గూటినిండా పిల్లలున్నంత వేగంగా, గొలుసులా అరుస్తుంది. పరిశోధకులు అదే సైజున్న వేరే పిట్ట పిల్లను గూట్లో పెట్టి చూస్తే తిండి అంతగా రాలేదు. పక్కన చిన్న స్పీకరు పెట్టి కక్కూ పిల్ల అరుపు వినిపించగానే తిండి పెరిగింది. కన్ను నమ్మని దాన్ని చెవి నమ్మింది. కిక్కిస దుబ్బుల్లో చెవిని నమ్మి బతికే పిట్టను మోసం చేయడానికి కక్కూ ఎంచుకున్న దారి కూడా చెవే కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఇంకో మెలిక 2017లో బయటపడింది. గుడ్డు పెట్టి వెళ్ళేటప్పుడు ఆడ కక్కూ చేసే కిలకిల శబ్దం డేగ కూతలా ఉంటుంది. రీడ్ వార్బ్లర్లు డేగ భయంతో తమ ప్రాణం చూసుకునే పనిలో పడి, గూట్లో గుడ్డు మారిందేమో చూసుకోవడం మరిచిపోతాయి.

తిండి ఎక్కువగా ఉన్న చోట కాపురాలూ వదులవుతాయి. పిల్లల్ని సాకడానికి ఇద్దరూ తప్పనిసరి కానప్పుడు ఒకరు జారుకోవడానికి వీలు చిక్కుతుంది. ఈ వదులుతనానికి చివరి అంచు అక్వాటిక్ వార్బ్లర్. మగది గూడు కట్టదు, పొదగదు, తిండి తేదు, హద్దులు గీసుకుని కాపలా కాయదు. సాయంత్రం పూట పాడుతుంది, ఆడపిట్ట దొరికితే కలుస్తుంది. ఆ కలయిక అరగంట దాకా సాగుతుంది. పిట్టల్లో ఇది సెకన్ల పని. తను పక్కనున్నంత సేపు ఇంకో మగది రాకుండా చూసుకోవడమే అంత సేపు ఉండటానికి కారణమని శాస్త్రవేత్తల ఊహ. అయినా ఒక గూట్లోని నాలుగైదు పిల్లలకు ముగ్గురు తండ్రులుండటం మామూలే. ఆడపిట్ట ఒంటరిగా పిల్లల్ని పెంచగలుగుతోందంటే, తడి తుంగ నేలల్లో పెద్దపెద్ద పురుగులు పుష్కలంగా దొరకడం వల్లే.

పెండులిన్ టిట్ దీన్ని పందెంగా మార్చేసింది. నీటి ఒడ్డు చెట్ల కొమ్మ చివర మెత్తని ఉన్నిసంచీలాంటి గూడు కడుతుంది, చూడటానికి దూదితో చేసిన బూటులా ఉంటుంది. అందులో గుడ్లు చేరాక ఆడా మగా రెండూ అవతలివాళ్ళ కంటే ముందు పారిపోవాలని చూస్తాయి. ఆడది తను పెట్టిన గుడ్లు మగదానికి లెక్క తెలియకుండా గూటి అడుగున పీచులో దాచిపెడుతుంది. మగది ముందు వెళ్ళిపోతే ఆడది పొదుగుతుంది, ఆడది ముందు వెళ్ళిపోతే మగది పొదగొచ్చు. సుమారు మూడో వంతు గూళ్ళలో ఇద్దరూ వెళ్ళిపోతారు, గుడ్లు మురిగిపోతాయి. ప్రకృతిలో అంతా సవ్యంగా నడుస్తుందనుకునేవాళ్ళకు ఈ పిట్ట కాస్త ఇబ్బంది కలిగిస్తుంది.

వంటిల్లు ఎంత విశాలమైనా అది ఆరు నెలలే తెరిచి ఉంటుంది. చలి దేశాల్లో శరత్తు రాగానే కిక్కిస ఎండిపోతుంది, పురుగులు మాయమవుతాయి. పురుగులు తిని బతికే పిట్టలకు వలస తప్ప దారి లేదు. వెళ్ళే పద్ధతిలో మాత్రం పక్కపక్కన ఉండే రెండు జాతులే వేరు. సెడ్జ్ వార్బ్లర్ వేసవి చివర పేనుబంక పట్టిన కిక్కిస దుబ్బులు వెతుక్కుని, తిని తిని, పదీ పన్నెండు గ్రాముల ఒళ్ళు ఇరవై దాటేలా కొవ్వు ఎక్కిస్తుంది. తర్వాత ఇంగ్లండ్, ఉత్తర ఫ్రాన్స్ నుంచి బయల్దేరి సహారా దాటేదాకా ఆగకుండా పోగలదు. ఆ ఏడాది పేనుబంక సరిగా పట్టకపోతే ఈ లెక్కంతా తారుమారు. రీడ్ వార్బ్లర్ అంత జూదం ఆడదు. దొరికిన పురుగు తింటూ, మజిలీలు చేసుకుంటూ స్పెయిన్, పోర్చుగల్ మీదుగా దిగుతుంది.

గ్రేట్ రీడ్ వార్బ్లర్ వీపుకు తగిలించిన చిన్న పరికరాలు 2021లో ఒక వింత చెప్పాయి. ఈ పిట్టలు మామూలుగా రాత్రిళ్ళు 2,400 మీటర్ల ఎత్తున ఎగురుతాయి. ఎడారి, సముద్రం దాటేటప్పుడు తెల్లారినా దిగకుండా ఎగరాల్సి వస్తే, సూర్యోదయంతో పాటే పైకి లేచి 5,000 మీటర్లు దాటిపోతాయి. కొన్ని 6,000 మీటర్లు కూడా దాటాయి. చీకటి పడగానే మళ్ళీ కిందికి. రెక్కలాడిస్తూ ఒళ్ళు వేడెక్కే పిట్టకు పైన ఎండ తోడైతే తట్టుకోలేదు, కాబట్టి చల్లని పొరలోకి పోతోందన్నది పరిశోధకుల వివరణ. దుబ్బుల్లో ఉన్నన్నాళ్ళూ నీటికి కొన్ని మీటర్ల ఎత్తు మించని పిట్ట, ఏడాదికి కొన్ని పగళ్ళు మాత్రం హిమాలయ శిఖరాల ఎత్తున గడుపుతుంది.

దారి తెలియడం మరో సంగతి. బాల్టిక్ తీరంలో రిబాచీ పక్షి పరిశోధన కేంద్రంలో నికితా చెర్నెత్సోవ్ బృందం పెద్ద వయసు రీడ్ వార్బ్లర్లను పంజరంలో ఉంచి, చుట్టూ తీగచుట్టలతో అయస్కాంత క్షేత్రాన్ని కొంచెం తిప్పింది. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడాను దిక్పాతం అంటారు. దాన్ని ఎనిమిదిన్నర డిగ్రీలు మార్చేసరికి, ఆ పిట్టలు తాము స్కాట్లండ్ వైపు ఉన్నట్టు లెక్కేసుకుని, పడమరకు బదులు ఆగ్నేయం వైపు ఎగరడానికి తయారయ్యాయి. 2017 నాటి ఈ ప్రయోగంలో పిల్ల పిట్టలు మాత్రం గందరగోళపడ్డాయి. అంటే ఆ పటం పుట్టుకతో వచ్చింది కాదు, ఒకసారి ప్రయాణం చేశాక ఏర్పడేది. పది గ్రాముల పిట్టలో ఇంత సూక్ష్మమైన తేడా గుర్తించే శక్తి ఉందంటే, ఇంకా పూర్తిగా నమ్మని శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఊరు వదలని పిట్టలు కొన్ని ఉన్నాయి. బియర్డెడ్ రీడ్లింగ్ వేసవిలో పురుగులు తిని, చలికాలం కిక్కిస గింజలకు మారుతుంది. గింజలు నలగడానికి చిన్న రాళ్ళు మింగుతుంది, కడుపు కండ కూడా గట్టిపడుతుంది. పొట్టే రుతువుకో రకంగా మారిపోతుందన్నమాట. అయినా మంచు గింజల్ని కప్పేస్తే చావే. 1947 చలికాలం బ్రిటన్‌లో వీటిని దాదాపు తుడిచిపెట్టింది. సెట్టీస్ వార్బ్లర్ పురుగులే తింటూ ఉండిపోయే మొండిది. గుబురులోంచి తుపాకీ పేలినట్టు ఉన్నట్టుండి పాడి, వెంటనే మౌనం వహిస్తుంది. గుడ్లు ఇటుక రంగు. చలికాలాలు మెత్తబడటంతో 1970ల మొదట్లో ఇంగ్లిష్ చానల్ దాటి బ్రిటన్‌లో గూళ్ళు పెట్టింది, ఇప్పుడక్కడ మామూలు పిట్ట.

కాడే ఈ పిట్టల్ని ఇలా మలిచిందనే మాటకు పరీక్ష, కాడ లేని చోట ఏమవుతుందన్నది. రీడ్ వార్బ్లర్ల వంశం హిందూ మహాసముద్రం, పసిఫిక్ దీవుల్లోకి కూడా చేరింది. అక్కడ కిక్కిస దుబ్బులు అంతంత మాత్రం. పిట్టలు చెట్లెక్కాయి. పోటీకి వేరే పిట్టలు తక్కువ కావడంతో కొన్ని పెద్దవయ్యాయి, ముక్కులు పొడుగయ్యాయి. నౌరు దీవిలో గూడు పెట్టే పాటపిట్ట అక్కడి రీడ్ వార్బ్లర్ ఒక్కటే. సెషెల్స్ వార్బ్లర్ 1968లో కజిన్ అనే ఒక్క చిన్న దీవిలో ముప్ఫైకి లోపే మిగిలింది. ఆ దీవిని పక్షి సంరక్షణ కోసం కొని, కొబ్బరి తోట బదులు సహజ అడవిని పెరగనిచ్చారు. దీవి నిండిపోయాక 1988 నుంచి వేరే దీవులకు పంపారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

ఆ నిండిన దీవిలోనే యాన్ కొమ్డూర్ మరో విషయం గమనించాడు. ఇక్కడ కూతుళ్ళు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోయి తర్వాతి పిల్లల్ని సాకడంలో సాయపడతాయి, కొడుకులు వెళ్ళిపోతాయి. తిండి దండిగా ఉన్న చోట సాయం పనికొస్తుంది, తిండి కరువైన చోట అదనపు నోరు భారం. 1997 నాటి లెక్కలో పురుగులు తక్కువున్న హద్దుల్లో పిల్లల్లో 77 శాతం కొడుకులు, బాగున్న హద్దుల్లో 13 శాతమే. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే ఈ పిట్ట ఆ గుడ్డు ఆడో మగో తన అవసరాన్ని బట్టి మలుచుకుంటోంది. చిత్తడిలో ఒకరినొకరు వదిలించుకునే చుట్టాలున్న వంశంలో, ఇక్కడ ఉమ్మడి కుటుంబం పుట్టింది.

హవాయి దీవుల మిల్లర్‌బర్డ్ కూడా ఈ వంశమే. లేసన్ దీవిలో మనుషులు తెచ్చి వదిలిన కుందేళ్ళు పచ్చని మొక్క లేకుండా తినేశాయి, 1923 నాటికి అక్కడి మిల్లర్‌బర్డ్ అంతరించింది. అదే ఏడాది నిహోవా అనే రాతి దీవిలో దాని చుట్టం ఉన్నట్టు తెలిసింది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 2011లో 24, మరుసటి ఏడాది 26 నిహోవా పిట్టల్ని ఓడలో లేసన్‌కు చేర్చారు.

దుబ్బుల్లోని పిట్టలకు కుందేళ్ళ బెడద లేదు గాని, వాటి ఇల్లే నిలకడైంది కాదు. కిక్కిస ఏటా ఎండి పడి, ఆ చెత్త కింద పేరుకుని, మడుగును మెల్లగా పూడ్చేస్తుంది. నేల ఆరగానే పొదలు, ఆపై చెట్లు. పాతరోజుల్లో వరద ఒకచోట కొట్టేస్తే ఇంకోచోట కొత్త మడుగు పుట్టేది. నదులకు గట్లు కట్టాక ఆ పుట్టుక ఆగింది. మధ్య యూరప్‌లో గత శతాబ్దం మధ్య నుంచి ఎరువుల నీళ్ళు, మట్టం మారని జలాశయాలు కలిసి కిక్కిసను చాలాచోట్ల చంపేశాయి. ఉత్తర అమెరికాలో అదే యూరప్ కిక్కిస కలుపు మొక్కై, అక్కడి చిత్తడి గడ్డిని తొక్కేస్తోంది. మొక్క ఒకటే, ఒకచోట కాపాడటానికి డబ్బు ఖర్చవుతుంది, ఒకచోట తీసేయడానికి. పైగా ఇంట్లో అంతా బాగున్నా సరిపోదు. బ్రిటన్‌లో సెడ్జ్ వార్బ్లర్ల సంఖ్య ఏటా ఎలా ఉంటుందో, పశ్చిమ ఆఫ్రికా సహెల్ ప్రాంతంలో అంతకుముందు వాన ఎంత పడిందో చూసి చాలావరకు చెప్పొచ్చని 1991లో తేలింది.

అక్వాటిక్ వార్బ్లర్‌కు ఈ చిక్కులన్నీ ఒకేసారి చుట్టుకున్నాయి. ఒకప్పుడు జర్మనీ, నెదర్లాండ్స్ దాకా ఉన్న పిట్ట ఇప్పుడు ముఖ్యంగా బెలారుస్, ఉక్రెయిన్, పోలండ్ తడి తుంగ నేలల్లో మిగిలింది. నీరు తోడేసి పొలాలు చేసిన చోటల్లా పోయింది. మిగిలిన నేలలో గడ్డి కోసుకునే రైతులు పట్టణాలకు వెళ్ళిపోయాక, కోత లేక పొదలు లేచి మళ్ళీ పోయింది. ప్రకృతిని దాని మానాన వదిలేయాలన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ పిట్టకు కావలసింది ఎవరో ఒకరు కొడవలి పట్టడం. పోలండ్‌లోని బియెబ్జా చిత్తడిలో మనిషి కొడవలి బదులు, మంచు కొండల మీద స్కీయింగ్ దారులు చదును చేసే బెల్టు చక్రాల యంత్రాన్ని మార్చి, కుంగే నేల మీద గడ్డి కోయిస్తున్నారు. 2018లో బెలారుస్‌లోని జ్వానెత్స్ నుంచి 50 గూటి పిల్లల్ని లిథువేనియాలోని జువింటాస్‌కు తీసుకెళ్ళి, చేత్తో పురుగులు తినిపించి పెంచి వదిలారు. అవి ఆఫ్రికా వెళ్ళాయి. మరుసటి వసంతంలో పదకొండు పిట్టలు పుట్టిన బెలారుస్‌కు కాకుండా, పెరిగిన జువింటాస్‌కే తిరిగొచ్చాయి.